దేవుడి దగ్గర నా పాత అడ్రసు

అసాఫో, కుమాసి
ఈస్టర్ వెళ్లిన మంగళవారం

ఎజిర్బా పెద్దమ్మకి,

ఎలా ఉన్నావని అడగను. ముగ్గురు బిడ్డల్ని తిన్న మనిషి బాగానే ఉంటుంది.

నీ గొంతు నా చెవిన పడకూడదని ప్రవక్తగారు చెప్పారు కాబట్టి నీ నంబరు నా ఫోనులో మూసేశాను. అందుకే కాగితం మీద రాసి, కేప్ కోస్ట్ బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

మొన్న ఆదివారం మా ఏడో బూర మందిరంలో ప్రవక్త అసోమానింగ్ గారు పాట ఆపించి, అంతమంది జనంలో నా వైపు వేలు చూపించారు. "పచ్చ గౌను కూతురా, లే! గురువారం బజార్లో, టమాటా గంపల దగ్గర, నీ కాళ్ల వెంట రక్తం కారింది. ఔనా, కాదా?" నేను అక్కడే కూలబడ్డాను. "పుట్టబోయే బిడ్డకి న్యామెచే అని పేరు అనుకున్నావు. ఔనా, కాదా?"

ఆ పేరు ముందే పలకకూడదని నేను క్వాజోకి కూడా చెప్పలేదు. మొగుడికి కూడా చెప్పనిది నీకు మాత్రం చెప్పాను. రక్తం సంగతీ ముందు ఫోనులో నీకే రాశాను, అక్కడే గంపల మధ్య కూర్చుని.

అప్పుడాయన కళ్లు మూసుకుని అన్నారు. "సముద్రం ఒడ్డున, ఎల్మినాలో ఒక ముసలిది కనిపిస్తోంది. పేరు ఎజిర్బా. తల్లి వైపు మనిషి. ఒకప్పుడు తీగల మధ్య కూర్చునేది. ఆ తీగలే నీ కడుపుకి చుట్టింది. ముగ్గురినీ అదే తింది." జనమంతా "నిప్పు! నిప్పు!" అని అరిచారు. నేను కూడా అరిచాను.

నీలాంటివాళ్లు తల్లి వైపు నుంచే వస్తారని చిన్నప్పుడు మీరే చెప్పేవాళ్లు. బయటివాళ్లు తినలేరట. ఆ చేత్తోనే నాకు తల దువ్వావు కదా!

బిడ్డ పుడితే నాకు కట్టమని నువ్వు పంపిన తెల్లబట్టని క్వాజో పెరట్లో కాల్చేశాడు. నువ్వు ఇక్కడికి వచ్చి సంఘం ముందు ఒప్పుకో. రాకపోతే నేనే అనొమాబు వచ్చి, చేపలవాళ్ల మధ్య నిలబడి నీ పేరు అరుస్తాను.

నా బిడ్డని నాకు తిరిగి ఇవ్వు.

అరబా

---

అనొమాబు
ఏప్రిల్ చివర

అరబా,

నీ ఉత్తరం చదివాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. తప్పు చదివానేమో అన్న ఆశ కూడా పోయింది.

మా చెల్లెలు నిన్ను నా ఒళ్లో పెట్టి పోయింది. మొదటి బిడ్డ పోయినప్పుడూ, రెండో బిడ్డ పోయినప్పుడూ కుమాసి వచ్చి నీకు వేడినీళ్లు పోసింది నేనే. ఆ చేతులతోనే రాస్తున్నాను: నీ నోరు పడిపోను!

నువ్వు అనొమాబు వచ్చి అరవక్కర్లేదు. మీ ప్రవక్త నీ మీద వేలు చూపించిన వీడియో నీకంటే ముందే వచ్చింది. చేపలు కాల్చే ఆడవాళ్లు నేను వెళ్తే బల్ల ఖాళీ చేసి లేస్తున్నారు. మా తలుపు మీద ఎవరో గుడ్లు కొట్టారు. వీధి చివర ఉండే ఆ చిన్నది, నేను రోజూ నూనెలో వేయించిన బోఫ్రోట్ ఉండ పెట్టే పిల్ల, చెయ్యి చాపితే వాళ్లమ్మ ఆ ఉండని దాని చేతిలోంచి కొట్టి కింద పడేసింది. ఉండ ఇసుకలో దొర్లింది. నేను వంగి తీసుకుని ఇంటికొచ్చాను. నీ ఉత్తరం కన్నా అదే నన్ను ఎక్కువ పొడిచింది. ఇది నువ్వు తెలుసుకోవాలి.

మొన్న పక్కింటివాళ్ల ఫోనులో ఆ వీడియో నేనూ చూశాను. నువ్వు అరుస్తుండగా చూశాను. చూస్తూ ఒక మాట దగ్గర ఆగాను. ఎల్మినా.

మీ పెదనాన్న పోయాక నేను ఎల్మినా ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికి, మా తల్లిగారింటికి వచ్చేశాను. గుర్తుందా? నా పరుపుకి ఒక కొస పట్టుకుని ట్రోట్రో వ్యాను పైకి ఎక్కించింది ఎవరు? నువ్వే. నడుం పట్టేసిందని దారంతా మూలిగింది కూడా నువ్వే. అప్పటినుంచి నేను అనొమాబులోనే ఉన్నాను. మరి దేవుడికి నా అడ్రసు మారిన సంగతి ఎవరూ చెప్పలేదా?

నా ఉద్యోగమంతా టకొరాడి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లోనే గడిచింది. ఊళ్లో సగం మంది రహస్యాలు నా చెవిలోంచి వెళ్లాయి. ఒక్కటీ నా నోట్లోంచి రాలేదు. అలా ఉండనివాళ్లూ కొందరు ఉండేవాళ్లు. దొంగచాటుగా వినేవాణ్ని ఎలా పట్టుకునేవాళ్లమో తెలుసా? వాడికి తీగలో వెళ్లిన మాటే తెలుస్తుంది. తీగలో తప్పు వెళ్తే వాడి నోట్లోనూ తప్పే వస్తుంది.

నేను ఎల్మినాలో ఉన్నానని ఇంకా ఎక్కడ రాసి ఉంది? ఆ సంగతి ప్రవక్తని అడక్కు. నువ్వే వెతుకు.

ఎజిర్బా

---

అసాఫో, కుమాసి
మే నెల, వానలు మొదలయ్యాయి

పెద్దమ్మా,

దొరికింది. నా ఫోనులో.

నీ నంబరు ఎప్పుడో "ఎజిర్బా పెద్దమ్మ ఎల్మినా" అని పెట్టుకున్నాను. నువ్వు ఇల్లు మారినా నేను అది మార్చలేదు. ఆ పేరు అక్కడ తప్ప లోకంలో ఇంకెక్కడా అలా లేదు.

అక్కడినుంచి ఒక్కొక్కటీ తవ్వాను. మందిరంలో చేరిన రోజు తెల్లచొక్కా సేవకులు మమ్మల్ని వరసలో నిలబెట్టి, అందరి ఫోన్లలో ప్రార్థన యాప్ పెట్టారు. పొద్దున్నే ఒక వచనం వస్తుంది, మన విన్నపాలు రాసుకోవచ్చు అన్నారు. అది పెడుతుంటే ఫోను ఏవేవో అడిగింది. పరిచయాల పేర్లు చూడనా, సందేశాలు చదవనా, ఫొటోలు తెరవనా, ఎక్కడున్నావో చూడనా అని. నేను ఆగాను. "ప్రభువుకి హృదయం తెరిచినదానివి, ఫోను తెరవడానికి భయమెందుకమ్మా?" అన్నాడు సేవకుడు. నా వెనక వరస కదలమంటోంది. అన్నిటికీ సరే నొక్కాను.

ఏ యాప్ దేన్ని తెరుస్తోందో చూపించే చోటు ఫోనులోనే ఉంది. ఇన్నాళ్లూ నేను అటు చూడనే లేదు. ఒక్క వచనం చూపించే యాప్‌కి నా ఇల్లంతా తెరిచి ఉంది. నీకూ నాకూ మధ్య వెళ్లిన ప్రతి మాటా దాని కిందే ఉంది. బజార్లో రక్తం ఉంది. న్యామెచే ఉంది. నీ తీగల కబుర్లూ ఉన్నాయి.

మా వరసలో కూర్చునే సెర్వా, జడలు అల్లే అమ్మాయి, దాని తమ్ముడు లిబియాలో చిక్కుకున్నాడని ప్రవక్త చెప్పినప్పుడు మేమంతా వణికాం. ఇప్పుడు దాన్ని అడిగితే, తమ్ముడి సందేశం అంతకు ముందురోజే వచ్చిందంది. నాకు పీడకలలు వస్తున్నాయని క్వాజోకి నోటితో చెప్పాను చూడు, అది మాత్రం ప్రవక్తకి ఈ రోజుకీ తెలియదు.

నా బిడ్డ రక్తాన్ని వాడు మైకులో అమ్ముకున్నాడు పెద్దమ్మా. దాని పేరు నేను పలకకుండా దాచుకుంటే వాడు దాన్ని అరిచి చందాలు పట్టాడు. ఈ ఆదివారం వెళ్లి ఆ ఫోను వాడి మొహాన కొడతాను. నన్ను ఆపకు.

నీకు ఎలా రాశానో గుర్తొస్తే ఈ కలం కూడా పట్టుకోలేకపోతున్నాను. నేను ఏమన్నా సరిపోదు.

నీ అరబా

---

అనొమాబు
మే

అరబా,

ఫోను మొహాన కొడితే ఏమవుతుంది? వాడికి ఒక దెబ్బ, నీకు ఒక ఫోను నష్టం. వచ్చే వారం అదే జనం నీకు దయ్యం పట్టిందని నిన్నే పండబెట్టి నీళ్లు చల్లుతారు. కూర్చో.

ఆ యాప్ తియ్యకు. ఏదీ మూయకు. క్వాజోకి చెప్పకు, వాడు తిన్నగా వెళ్లి ప్రవక్త కాళ్ల మీద పడతాడు. దొంగ గోడకి కన్నం పెట్టుకున్నాడు, పెట్టుకోనీ. ఏ కన్నంలోంచి చూస్తాడో మనకి తెలుసు. ఇక మనం చూపించిందే చూస్తాడు.

నేను చనిపోవాలనుకుంటున్నాను.

గుండె పట్టుకోకు, పూర్తిగా చదువు. వాడు మంత్రగత్తె మీద నిప్పు పిలిచాడా? పిలిచాడు. ఆ మంత్రగత్తె పోయిందన్న కబురు వాడి చెవిన పడితే నోరు మూసుకుని కూర్చుంటాడా? తన నిప్పే చంపిందని ఎగిరి గంతేస్తాడు. ఇప్పుడు మన పద్ధతి గుర్తు తెచ్చుకో. ఇంట్లో మనిషి పోతే ముందు వంశపెద్దకి చెప్పాలి. ఆయన పెద్దల్ని కూర్చోబెట్టి, పితరులకి నేల మీద మందు వంచి, తన నోటితో చెప్పేదాకా ఎవరూ నోరు తెరిచి ఏడవరు. అంతకు ముందు అన్నవాడిది తప్పు. బతికున్నవాళ్లని పోయారని అంటే ఇంకా పెద్ద తప్పు. అది కూడా వంశంలో పెద్ద ఆడమనిషినైన నన్ను అంటే, ఒక్క నన్నన్నట్టు కాదు, మన వంశం మొత్తాన్ని పాతిపెట్టినట్టు.

మీ అమిస్సా మామయ్యకి చెప్పాను. వంశపెద్ద కదా, వినగానే ఒప్పుకోలేదు. "అక్కా, బతికున్న నిన్ను పోయావని నా చేత్తో ఎలా రాయను? నాలుక మాడిపోదా?" అన్నాడు. "రాయకు తమ్ముడూ, నువ్వు నిజమే రాయి" అన్నాను. ఆదివారానికి ముందు నీ ఫోనుకి మామయ్య నుంచి ఇలా వస్తుంది:

"అరబా, ఎజిర్బా అక్క పరుపు ఎండలో వేశాం. ఎర్రబట్ట సిద్ధం చేసుకో. పెద్దలు కూర్చుంటున్నారు. అప్పటిదాకా గొంతెత్తి ఏడవకు, ఎవరికీ చెప్పకు."

మనిషి పోతేనే పరుపు బయట వేస్తారని, ఎర్రబట్ట చావుకే కడతారని వాడు లెక్క వేసుకుంటాడు, కానీ ఇందులో అబద్ధమేదీ లేదు. వానకి పరుపు ముక్కిపోయింది, ఎండలో వేయాల్సిందే. పెద్దలు కూర్చుంటారు, ఈ అసోమానింగ్‌ని ఏం చేయాలో తేల్చడానికి. ఎర్రబట్ట నీకూ కావాలి, నాకూ కావాలి. కట్టుకోవడానికి సందర్భం వస్తోంది. నేను పోయానన్న మాట మాత్రం మనవాళ్లెవరి నోటా రాదు. ఆ మాట ముందుగా వాడి నోట్లోంచే రావాలి.

నువ్వు చేయాల్సింది ఒకటే. ఆదివారం వెళ్లి కూర్చో. మొహంలో ఏదీ కనపడనీకు. నా పేరు నీ ఫోనులో ఎల్మినా అనే ఉండనీ.

ఎజిర్బా

---

అసాఫో, కుమాసి
జూన్ మొదటివారం

పెద్దమ్మా,

మింగాడు. గాలంతో సహా మింగాడు.

మామయ్య సందేశం చదివి, నువ్వు చెప్పినట్టే ఫోను పక్కన పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. నిజం చెప్పాలంటే, అంతా తెలిసి కూడా "పరుపు ఎండలో వేశాం" అన్న చోట నీకు ఫోను చేయబోయి ఆగాను.

ఆదివారం ప్రవక్త చాలాసేపు నా వైపు చూడనేలేదు. దొరకలేదేమో అనుకున్నాను. చందాల బుట్టలు తిరిగే ముందు ఒక్కసారిగా చెయ్యెత్తాడు.

"ఆగండి! ఆగండి! ఎల్మినా నుంచి కబురొస్తోంది! పచ్చ గౌను కూతురు ఎక్కడ?"

"ఇక్కడున్నాను ప్రవక్తగారూ."

"నీ ఇంటివాళ్లు నిన్ను ఏడవొద్దన్నారా?"

"అన్నారు."

"ఎర్రబట్ట తీసి పెట్టుకోమన్నారా?"

"అన్నారు ప్రవక్తగారూ."

"ఎల్మినాలో ఎండలో పరుపు కనిపిస్తోంది నాకు! ఖాళీ పరుపు! ఆ ముసలిది ఎక్కడ? పోయింది! ఎజిర్బా చచ్చింది! నేను పంపిన నిప్పు దాన్ని మింగింది!"

ఇక చూడు పెద్దమ్మా. డోలు వాయించేవాడు కర్ర విరగ్గొట్టాడు. ఆడవాళ్లు తెల్ల రుమాళ్లు ఊపుతూ ఎగిరారు. క్వాజో నా పక్కనే చిందులేశాడు, నా పెనిమిటి, నీ చేతి ఫూఫూ తిని వేళ్లు నాక్కున్నవాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాను. ఏడుస్తున్నాననుకున్నారు. లోపల పళ్లు కొరుక్కుంటున్నాను.

వీడియో అప్పుడే ఊరంతా తిరుగుతోంది. వాడి పెదాలు, వాడి గొంతు, నీ పేరు, అన్నీ అందులో ఉన్నాయి. వచ్చే ఆదివారం నీ చావుకి కృతజ్ఞతారాధన పెట్టాడు. అందరూ తెల్లబట్టలతో రావాలట.

నువ్వు ఎర్రబట్టతో రా.

అరబా

---

అనొమాబు
జూన్ చివర

అరబా,

మందిరంలో నువ్వున్నావు కాబట్టి అక్కడ జరిగింది రాయక్కర్లేదు. అయినా రాస్తాను. చచ్చిపోయిన మనిషికి తన కర్మకాండ గురించి చెప్పుకునే అవకాశం ఎన్నిసార్లు వస్తుంది?

మన పెద్దలంతా ఎర్రబట్టలు, నల్లబట్టలు కట్టుకుని ఒక్క బస్సులో వచ్చాం. లోపలికి వచ్చేసరికి నేను ఎలా కాలిపోయానో వాడు చెబుతున్నాడు. ముందు జుట్టు అంటుకుందట. సాక్ష్యాలు చెప్పేవాళ్ల వరసలో నేను వెళ్లి నిలబడ్డాను. తెల్లచొక్కావాడు ఎవరో ముసలమ్మ అనుకుని మైకు నా చేతికిచ్చాడు.

"నాయనా, నేను ఎజిర్బాని. బాగా కాల్చావు, కానీ జుట్టు ఇంకా ఉంది చూడు" అని తలగుడ్డ తీశాను.

అప్పటి వాడి మొహం నాకు చచ్చేదాకా చాలు. నిజంగా చచ్చేదాకా అంటున్నాను.

"ఒక్కటే అడుగుతాను. నేను ఎల్మినా వదిలి ఎన్నాళ్లయిందో నాతో వచ్చిన వీళ్లందరికీ తెలుసు. నీ దేవుడి దగ్గర ఇంకా నా పాత అడ్రసే ఎందుకుంది? ఈ పిల్ల ఫోనులో ఉన్నదే ఆయన దగ్గరా ఉందేమిటి?"

అప్పుడు నువ్వు లేచి ఫోను పైకెత్తి చూపించావు. నీ వెనకే సెర్వా లేచింది. "మా తమ్ముడి సంగతి కూడా ఇలాగే తీశావా?" అని అది అరిచిన అరుపు, నా చెల్లెలు బతికుంటే అలా అరిచేది. ఆ తర్వాత లేచినవాళ్లని నేను లెక్కపెట్టలేదు.

నువ్వు చూడనిది వెనకగదిలో జరిగింది. పదిమంది ముందు గర్జించినవాడు మామయ్య ముందు పిల్లిలా కూర్చున్నాడు. యాప్ తను చేయలేదట. ఎవరో చేసి అమ్మారట. వెనక కుర్రాళ్లు చదివి చెవిలో పెట్టుకున్న యంత్రంలోకి చెబుతారట, తను పలుకుతాడట, అంతేనట. "ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలి, తప్పు కడుక్కోవడానికి నువ్వు గొర్రెని ఇవ్వాలి" అన్నాడు మామయ్య. గొర్రెని, జిన్ మందు సీసాల్ని ఇప్పుడే తెప్పిస్తానన్నాడు వాడు. ఇక్కడే, గుట్టుగా.

నేను ఒప్పుకోలేదు. "నన్ను బజార్లో చంపావు. బజార్లోనే బతికించాలి" అన్నాను.

పోలీసుల దగ్గరికి తర్వాత వెళ్దాం, మన పద్ధతి ముందు జరగనీ అనుకున్నాం. మొన్న శనివారం, పడవలు ఒడ్డుకొచ్చే వేళకి వాడు అనొమాబు వచ్చాడు. గొర్రె తాడు వాడి చేతిలోనే పెట్టించాను. గొర్రె నడవనంది. ఇసుకలో అది వాణ్ని ఇటు లాగుతుంటే వాడు దాన్ని అటు లాగాడు. పట్టు అంగీ మోకాళ్లదాకా తడిసింది. చేపలు కాల్చే ప్రతి పొయ్యి దగ్గరా ఆపించాను. ప్రతిచోటా ఒకే మాట చెప్పించాను: "ఎజిర్బా మీద నేను చెప్పింది దేవుడు చెప్పలేదు. దొంగచాటుగా చదివి చెప్పాను." ఒకచోట గొణిగాడు. పొయ్యి దగ్గర ఉన్నామె "వినపడలేదు, మళ్లీ" అంది. నా బల్ల మీంచి లేచిపోయిన ఆమే అది. తర్వాత పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. నేను కూర్చోలేదు. ఇంకొన్నాళ్లు నిలబడే చేపలు కొంటాను.

చల్లారిందా అని అడుగుతావేమో. లేదు. వాడు బస్సెక్కి వెళ్లిపోతుంటే ఇంకో ఊరు ఉంటే బాగుండేది, అక్కడా తిప్పేదాన్ని అనిపించింది. పైగా ఈ ఏడాది నాకు చచ్చే తీరిక కూడా లేదు. ఇప్పుడు పోతే వాడు గెలిచానంటాడు. మిరియాల కషాయం తాగుతున్నాను.

ఎజిర్బా

---

అసాఫో, కుమాసి
సెప్టెంబరు

పెద్దమ్మా,

మందిరం ఇంకా నడుస్తోంది. సగం మంది వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు "సైతాను ప్రవక్తని శోధించాడు" అంటున్నారు. మామయ్యా, నేనూ ఇచ్చిన ఫిర్యాదు మీద పోలీసులు వెనకగది యంత్రాలు పట్టుకెళ్లారు. వాడు మైకు లేకుండా తిరుగుతున్నాడు.

ఆదివారాల్లో సెర్వా కొట్టు అరుగు మీద నేను కూర్చుంటున్నాను. ఆడవాళ్లు ఫోన్లు తెస్తారు. ఒక్కొక్కటీ తెరిచి చూపిస్తాను. "ఈ టార్చిలైటుకి నీ పరిచయాల పేర్లెందుకు? జడల బొమ్మలు చూపించేదానికి నీ సందేశాలెందుకు? మూసెయ్యి" అంటాను. "అక్కా, సరే నొక్కకపోతే పని చేయదేమో" అంటారు. "పని చేయకపోతే చావనీ" అంటాను. నీ గొంతే నా నోట్లోంచి వస్తోంది.

క్వాజో ఇంట్లో పిల్లిలా తిరుగుతున్నాడు. కొత్త తెల్లబట్ట కొంటానన్నాడు. "నువ్వు కాల్చిన బట్ట కొట్లో దొరకదు" అన్నాను.

ఇంకో మాట ఉంది. నిన్ను తిట్టినప్పుడు నాకు తేలిగ్గా ఉండేది. ముగ్గురినీ తిన్న చేతికి ఒక పేరుండేది. తర్వాత ఆ ప్రవక్త మీద పగ పట్టుకుని కొన్ని నెలలు బతికాను. మొన్న ఆసుపత్రిలో డాక్టరమ్మ నా రక్తం కాగితాలు చూపించి, ఇది రక్తంలో ఉన్న లోపం, ఎవరి తప్పూ కాదు, ముందే మందు పడితే నిలుస్తుంది అంది. ఎవరి తప్పూ కాదట! ఆ మాట విని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నా పగని ఎక్కడ పెట్టుకోవాలో చెప్పలేదు ఆవిడ.

ఆ మందు ఇప్పుడు వేసుకుంటున్నాను. ఎందుకో నీకు అర్థమై ఉంటుంది. ఫోనుకి చెప్పలేదు. క్వాజోకి చెప్పలేదు. ఈ కాగితానికి చెప్పాను, నీకు చెప్పాను.

నన్ను క్షమించావా?

నీ అరబా

---

అనొమాబు
సెప్టెంబరు

అరబా తల్లీ,

క్షమించలేదు.

"నా బిడ్డని నాకు తిరిగి ఇవ్వు" అని నువ్వు రాసిన కాగితం నా రేకు పెట్టెలో, పైనే ఉంది. రోజూ మూత తీసినప్పుడల్లా కనపడుతుంది. తీసేయను. బిడ్డ పుట్టి ఎనిమిదోనాడు పేరు పెట్టడానికి తెల్లారకముందే నా చేతుల మీద బయటికి తెచ్చినప్పుడు, ఆ కాగితాన్ని నేనే పొయ్యిలో వేస్తాను. అప్పటిదాకా నువ్వు నాకు భయపడుతూ ఉండు. మందు మానకు. బరువులెత్తకు. బజారుకి క్వాజోని పంపు, టమాటా గంపలు వాడే మోస్తాడు. నాకు వాడింకా బాకీ ఉన్నాడు.

పేరు ఏమనుకున్నావో నాకు కూడా రాయకు. కాగితం మీద కూడా వద్దు. దాన్ని నీ కడుపులోనే ఉంచుకో.

తెల్లబట్ట కొన్నాను. ఈసారి డ్రైవరు చేతికివ్వను. నేనే తెస్తాను.

నీ ఎజిర్బా పెద్దమ్మ, అనొమాబు
(నీ ఫోనులో ఇప్పటికైనా మార్చు)